ఇంటి పిల్లికి వేట లాంటి ఆట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత రెండు నెలల్లో ఈ శీర్షికకు అందిన ఉత్తరాలలో పిల్లుల ఆటకు సంబంధించినవే ఎక్కువ. టీకాల గురించి, వెంట్రుకలు రాలడం గురించి అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. "మా పిల్లికి ఇంట్లో ఏమీ తోచడం లేదేమో" అని ఇంతమంది బెంగపెట్టుకోవడం మాత్రం పశువైద్యుడిగా నాకు చాలా సంతోషం కలిగించింది. వాటిలో ఆరు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరంలోని ఇబ్బందినే చాలామంది రాశారు కనుక, దానికి జవాబు మిగిలిన వాటికంటే పెద్దదిగా ఉంటుంది.

ప్రశ్న: మేము ఒక అపార్ట్‌మెంటులో ఆరో అంతస్తులో ఉంటున్నాము. నేనూ మావారూ ఉద్యోగాలకు వెళతాము. మా ఆడ పిల్లికి రెండేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాము. పగలంతా నిద్రపోతుంది. రాత్రి మేము నడుస్తుంటే సోఫా కింద నుంచి దూకి మడమలు పట్టుకుంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి మంచమెక్కి పంజాతో ముఖం మీద తట్టి లేపుతుంది. రెండుసార్లు కొట్టినా మానలేదు. తోడుగా ఇంకో పిల్లిని తెస్తే సర్దుకుంటుందా? (పాఠకురాలు, కూకట్‌పల్లి)

జవాబు: ముందుగా, కొట్టడం ఈ రోజుతోనే ఆపేయండి. దెబ్బ వల్ల పిల్లి నేర్చుకునేది మీ చెయ్యి అంటే భయపడాలన్న ఒక్క విషయమే. మడమ పట్టుకోకూడదన్న సంగతి దానికి అందదు. భయపడిన పిల్లి ఇంకా గట్టిగా కరవడం, మంచం కింద నుంచి బయటికి రాకపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

మీ పిల్లి ఏం చేస్తున్నదో అర్థం కావాలంటే దాని పుట్టుక దాకా వెళ్లాలి. మన ఇళ్లలో తిరిగే పిల్లులన్నీ ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాలలో ఉండే ఫెలిస్ లిబికా అనే అడవి పిల్లి సంతతి. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం దొరికింది. అంత పాత స్నేహమైనా, దాని వేట బుద్ధిని మనిషి పెద్దగా మార్చలేదు, మార్చవలసిన అవసరం కూడా రాలేదు, ఎందుకంటే ధాన్యపు కొట్టులో ఎలుకలను పట్టడమే దాని ఉద్యోగం. ఒక చిట్టెలుకను తింటే దానికి దక్కేది దాదాపు 30 కిలోకేలరీలు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు 200 నుంచి 250 కిలోకేలరీలు కావాలి. అంటే తిండి పెట్టే మనిషి లేని పిల్లి రోజుకు ఏడెనిమిది ఎలుకలనైనా పట్టాలి, గురి తప్పిన ప్రయత్నాలు వాటికి అదనం. చెవి రిక్కించి వినడం, మాటు వేయడం, నేలకు అంటుకుపోయి పాకడం, దూకడం, పట్టడం, కొరకడం, తినడం, ఆపైన ఒళ్లు నాకి శుభ్రం చేసుకుని నిద్రపోవడం: ఈ వరుస దాని శరీరంలోనే రాసి ఉంది. మీ ఇంట్లో దానికి ఈ వరుసలో "తినడం" ఒక్కటే దొరుకుతున్నది, అది కూడా గిన్నెలో రెండు నిమిషాల్లో అయిపోతుంది. మిగిలిన పని అంతా అలాగే ఉండిపోతుంది. ఇంట్లో కదిలే ప్రాణులు మీరిద్దరే కాబట్టి మీ మడమలే ఎలుకలయ్యాయి.

"పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" అని మనవాళ్లు చూసి చెప్పిన మాట ఇక్కడ బాగా పనికొస్తుంది. దొరికిన ఎలుకను పిల్లి వదిలి పట్టడం, ఎగరేసి కొట్టడం మనకు ఆటలా కనిపిస్తుంది. ఎలుకకు కూడా పళ్లున్నాయి గనుక, అది అలసిపోయేదాకా జాగ్రత్త పడటమే ఆ చెలగాటంలో పెద్ద భాగమని జంతు ప్రవర్తనను పరిశీలించేవారు భావిస్తారు. ఆటకూ వేటకూ మధ్య పిల్లికి గీత లేదు. అందువల్ల మీరు ఆడించే ఆట వేటలాగా ఉంటేనే దానికి తృప్తి కలుగుతుంది.

ఇందుకు ఖరీదైన సరంజామా ఏమీ అవసరం లేదు. గజం పొడవున్న సన్నని వెదురు కర్రకు గట్టి తాడు కట్టి, తాడు చివర గుడ్డ పీలికను గానీ కోడి ఈకల కట్టను గానీ బిగించండి, గాలం కర్రలాగా. దానిని పిల్లి ముఖం మీద ఆడించకండి. ఏ ఎలుకా పిల్లి నోటి దగ్గరికి తనంతట తాను రాదు. పైగా పిల్లి కంటికి జానెడు దూరం లోపల ఉన్న వస్తువు స్పష్టంగా కనిపించదు, అంత దగ్గరలో అది మీసాలతోనే తెలుసుకుంటుంది. గుడ్డ పీలికను పిల్లి నుంచి దూరంగా జరగనివ్వండి. తలుపు మూల దాటి కనుమరుగు చేయండి, చాప కింద దూర్చండి, ఒక క్షణం కదలకుండా ఆపండి, మళ్లీ కాస్త కదిలించండి. పరుపు మీద దుప్పటి కింద కదిలే వేలెడంత ఉబ్బు ఎగిరే బొమ్మకంటే ఎక్కువ ఆశ పుట్టిస్తుంది. ఈ లోగా పిల్లి కదలకుండా కళ్లు పెద్దవి చేసుకుని చూస్తూ కూర్చుంటే "దీనికి ఇష్టం లేదు" అని కర్ర పక్కన పెట్టేయకండి; మాటు వేయడం కూడా ఆటే, దాని మెదడు అప్పుడే ఎక్కువ పని చేస్తుంటుంది. వెనుక భాగాన్ని అటూ ఇటూ ఊపుతున్నదంటే దూకబోతున్నదని అర్థం.

నాలుగైదుసార్లు తప్పించిన తరువాత తప్పకుండా పట్టనివ్వండి. పట్టుకుని, కరిచి, వెనుక కాళ్లతో తన్నుకుంటుంది, తన్నుకోనివ్వండి. పది పదిహేను నిమిషాలు అయ్యాక ఆ "ఎలుక"ను నెమ్మదింపజేయండి, గాయపడినదానిలా ఈడ్చండి, చివరిసారి పట్టించి వెంటనే తిండి పెట్టండి. ఎక్కువమంది వదిలేసేది ఈ చివరి మెట్టునే. మధ్యలో ఫోన్ మోగిందని కర్రను ఒక్కసారిగా దాచేస్తే, ఉత్సాహం తారస్థాయిలో ఉన్న పిల్లి ఆ వేటను మీ కాలి మీద పూర్తి చేసుకుంటుంది. ఆట అయ్యాక ఆ కర్రను, తాడును బీరువాలో పెట్టి తలుపు వేయాలి, కారణం మరో జవాబులో వివరంగా రాశాను.

నాలుగు గంటల సంగతికి వస్తే, పిల్లి చురుకుగా ఉండేది తెల్లవారుజామున, సంధ్యవేళ. ఈ స్వభావాన్ని మార్చలేము, కొంత జరపగలము. సాయంత్రం ఇంటికి రాగానే ఒకసారి, మీరు పడుకోవడానికి అరగంట ముందు మరోసారి ఆడించి, రాత్రి భోజనంలో పెద్ద వాటాను ఆ రెండో ఆట తరువాతే పెట్టండి. వేట, భోజనం అయిన పిల్లి సహజంగానే నిద్రకు ఒరుగుతుంది. తెల్లవారుజామున తట్టినప్పుడు తిండి పెట్టకండి, తిట్టకండి, మాట్లాడకండి, అటువైపు తిరగను కూడా తిరగకండి. మొదటి వారం అది ఇంకా ఎక్కువ గొడవ చేస్తుంది, ఎందుకంటే ఇన్నాళ్లు పని చేసిన ఉపాయాన్ని అది అంత తేలికగా వదులుకోదు. ఆ వారంలో ఒక్క రోజు లేచి తిండి పెట్టినా మళ్లీ మొదటికి వస్తుంది. మీరిద్దరూ ముందే మాట్లాడుకుని ఒక మాట మీద ఉండండి.

మీరు ఇంట్లో లేని పగటి వేళకు తిండినే పనిగా మార్చవచ్చు. గింజల్లా ఉండే పొడి పిల్లి తిండి పెడుతున్నట్లయితే అందులో సగాన్ని ఖాళీ గుడ్ల అట్ట గుంతలలో వేసి, కొన్ని గుంతల మీద కాగితపు ఉండలు మూతగా పెట్టండి. నీళ్ల సీసాకు గింజ పట్టేంత రంధ్రాలు నాలుగు చేసి, అంచులు నునుపు చేసి, దొర్లిస్తే రాలేలా అమర్చవచ్చు. అయితే అమెరికాలోని డేవిస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 2021లో ప్రచురించిన పరిశోధనలో, ఊరికే దొరికే పళ్లెమూ కష్టపడితే దొరికే తిండీ పక్కపక్కన పెట్టినప్పుడు చాలా పిల్లులు పళ్లెం వైపే మొగ్గాయి. కాబట్టి మొదటి రోజే మీ పిల్లి సీసాను పట్టించుకోలేదని నిరుత్సాహపడవద్దు, దానిని ఆకలితో మాడ్చి అలవాటు చేయనూ వద్దు. రెండు మూడు రోజులు ఏమీ తినని పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. మొదట దానికి తేలికగా కనిపించేలా వేసి, క్రమంగా కష్టతరం చేయండి. మన ఊళ్లలో చీమల బాధ ఉంది కనుక ఉడికించిన కోడిమాంసం, తడి తిండి మాత్రం ఇలా దాచవద్దు.

కిటికీ పక్కన ఎక్కి కూర్చోవడానికి ఒక బల్ల వేయండి; పావురాలు, ఉడుతలు కనిపించే కిటికీ అయితే అది గంటల తరబడి చూస్తుంది. కానీ ఆరో అంతస్తు కాబట్టి బాల్కనీకి, కిటికీలకు స్టీలు జాలీ బిగించిన తరువాతే. పావురాల కోసం కట్టే నైలాన్ వలను పిల్లి కొరికి రంధ్రం చేయగలదు. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా నాలుగు కాళ్ల మీద నిలుస్తుందని నమ్మి జాలీ వేయించని ఇళ్ల నుంచి దవడ విరిగిన, ఊపిరితిత్తులు దెబ్బతిన్న పిల్లులు ఆసుపత్రులకు వస్తూనే ఉంటాయి.

ఇంకో పిల్లి విషయం చివరికి ఉంచాను. పిల్లి ఒంటరిగా వేటాడే జంతువు, దాని ఇల్లు దాని వేట భూమి. రెండేళ్లు ఒంటరిగా పెరిగిన పిల్లి ఇంట్లోకి కొత్త పిల్లిని తెస్తే, ఆడుకునే తోడు దొరకవచ్చు, లేదా రెండూ చెరో గదిలో బిక్కుబిక్కుమంటూ బతకవచ్చు. మీరు ఆడించలేని ఆటను ఆడించడానికి మాత్రం మరో ప్రాణిని తీసుకురావద్దని నా గట్టి అభిప్రాయం. ముందు ఆరు వారాలు రోజుకు రెండుసార్లు ఆడించి చూడండి.

ప్రశ్న: మా మగ పిల్లికి ఇప్పటిదాకా పదిహేను బొమ్మలు కొన్నాము. ఏదైనా రెండు రోజులే, తరువాత కాలితో కూడా తాకదు. క్యాట్‌నిప్ అనే ఆకు నింపిన బొమ్మ తెప్పిస్తే వాసన చూసి వెళ్లిపోయింది. లేజర్ లైటు వేస్తే మాత్రం గోడలెక్కేంతగా పరుగెడుతుంది. అదే ఆడించవచ్చా? (పాఠకుడు, కాకినాడ)

జవాబు: మీ పిల్లిలో లోపమేమీ లేదు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో సారా హాల్, జాన్ బ్రాడ్‌షా అనే పరిశోధకులు సరిగ్గా ఈ విషయాన్నే పరీక్షించారు. అదే బొమ్మను వెంట వెంటనే మూడుసార్లు ఇచ్చేసరికి పిల్లుల ఆసక్తి బాగా పడిపోయింది. ఆ వెంటనే రంగో వాసనో వేరుగా ఉన్న బొమ్మ ఇస్తే మొదటికంటే ఎక్కువ జోరుగా ఆడాయి. ఆకలిగా ఉన్నప్పుడు ఆట పెరుగుతుందని కూడా వారి మరో పరీక్షలో తేలింది. ఎంత కొరికినా చావని, చీలని, మారని వస్తువును వేటగా భావించడం పిల్లి మానేస్తుంది, అంతే. నిజమైన ఎలుక అలా ఉండదు కదా.

కాబట్టి పదిహేను బొమ్మలనూ నేల మీద పరిచి ఉంచకండి. మూడింటిని బయట పెట్టి, మిగిలినవి మూత ఉన్న డబ్బాలో దాచి, నాలుగు రోజులకొకసారి మార్చండి. దాచిన డబ్బాలో కొంచెం ఎండు చేప ముక్కను గుడ్డలో మూటగట్టి ఉంచితే బొమ్మలకు కొత్త వాసన పడుతుంది. చిరిగిపోయే వస్తువులంటే పిల్లులకు మరీ ఇష్టం: నలిపిన కాగితపు ఉండ, అరటి నార ముడి, అట్టపెట్టె. అట్టపెట్టెను చిన్నచూపు చూడకండి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వారు 2014లో ప్రచురించిన ఒక పరిశీలనలో, ఆశ్రయ కేంద్రానికి కొత్తగా వచ్చిన పిల్లులలో దాక్కోవడానికి పెట్టె దొరికినవి దొరకనివాటికంటే త్వరగా కుదుటపడ్డాయి. పెట్టెకు రెండు వైపులా కన్నాలు చేసి, ఒక కన్నంలో కొబ్బరి ఈనె చివరను ఆడించి చూడండి.

క్యాట్‌నిప్ సంగతి వంశపారంపర్యం. దాదాపు మూడింట ఒక వంతు పిల్లులకు ఆ వాసన ఏమీ అనిపించదు, చిన్న కూనలకు అసలే పట్టదు. మన పెరళ్లలో, ఖాళీ స్థలాలలో మొలిచే కుప్పింటాకు మొక్క వేరంటే పిల్లులకు ఇటువంటి మోజే ఉంటుంది. మొక్కను పీకితే చాలు, ఎక్కడినుంచో వచ్చి వేరుకు ముఖం రాసుకుని దొర్లుతాయి. కడిగిన వేరును కాసేపు వాసన చూడనిచ్చి తీసేయండి, తిననివ్వకండి.

లేజర్ విషయంలో నాకు అభ్యంతరం ఉంది. ఆ చుక్కను పిల్లి ఎప్పటికీ పట్టలేదు. పంజా కింద ఏమీ ఉండదు, నోటికి ఏమీ రాదు. 2021లో ప్రచురితమైన ఒక సర్వేలో, లేజర్‌తో తరచుగా ఆడించే ఇళ్లలోని పిల్లులు నీడల వెంట, వెలుతురు మరకల వెంట పడటం వంటి పదే పదే చేసే అసహజ చేష్టలు ఎక్కువగా చూపిస్తున్నాయని యజమానులు చెప్పారు. లేజరే దానికి కారణమని ఆ సర్వే ఒక్కదానితో తేల్చలేము, కానీ అది లేకుండానే ఆడించే మార్గాలు ఇన్ని ఉండగా ఆ ప్రమాదం ఎందుకు కొనితెచ్చుకోవాలి? ఇప్పటికే అలవాటు పడింది కాబట్టి కొన్నాళ్లు తప్పదనుకుంటే, కంటిలో పడకుండా నేల మీదే నడిపించి, చివరికి చుక్కను ఒక గుడ్డ బొమ్మ మీద ఆపి, ఆ బొమ్మను పట్టనిచ్చి, వెంటనే తిండి పెట్టండి. ఫోన్ తెర మీద ఈదే చేపల ఆటకు కూడా ఇదే నియమం.

ఇంకొక్క మాట. మీది కోస్తా ఊరు, వేసవిలో ఉక్క ఎక్కువ. పిల్లికి చెమట పట్టేది పాదాల అడుగున మాత్రమే. ఆడుతూ నోరు తెరిచి రొప్పడం మొదలుపెడితే ఆట వెంటనే ఆపి చల్లని గచ్చు మీద పడుకోనివ్వండి. కుక్కకు అది మామూలే గానీ పిల్లికి కాదు. కొద్దిపాటి ఆటకే మళ్లీ మళ్లీ రొప్పుతుంటే గుండె, ఊపిరితిత్తుల పరీక్ష చేయించాలి.

ప్రశ్న: మాది కోనసీమలో పల్లె. మా పిల్లి ఇల్లూ తోటా తిరుగుతుంది. తొండలను, పిట్టలను, ఒక్కోసారి ఉడుత పిల్లలను పట్టి గుమ్మంలో పెడుతుంది. చూడలేకపోతున్నాము. బయట తిరిగే పిల్లికి కూడా ఆట అవసరమా? (పాఠకురాలు, అమలాపురం దగ్గర)

జవాబు: అవసరమే, పిట్టల కోసమైనా. ఇంగ్లండులో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు 2021లో ప్రచురించిన పరిశోధనలో, రోజుకు అయిదు పది నిమిషాలు యజమానులు ఆడించిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 25 శాతం తగ్గింది. మాంసం ఎక్కువగా ఉన్న మేలైన తిండి పెట్టినప్పుడు 36 శాతం తగ్గింది. పెరుగన్నం, పాలు పోసి సరిపెట్టే పిల్లి పిట్టల వెంట పడకుండా ఉండదు, దాని శరీరానికి మాంసం కావాలి. ఉడికించిన చేపను ముళ్లు తీసి, కోడిమాంసాన్ని, ఉప్పు కారాలూ ఉల్లి వెల్లుల్లీ లేకుండా పెట్టండి. పొద్దుట పిట్టలు నేలకు దిగే వేళలో దానిని ఇంట్లోనే ఉంచి ఆడించి, కడుపు నిండా పెట్టి, ఎండెక్కాక వదలండి. గుమ్మంలో తెచ్చి పెట్టినదానికి తిట్టకండి. ఆపరేషన్ చేయించకపోతే అది కూడా చేయించండి, తిరిగే దూరం తగ్గుతుంది.

ప్రశ్న: నేను ఇంట్లో బట్టలు కుడతాను. మా పిల్లికూన దారం రీళ్లతో తప్ప దేనితోనూ ఆడదు. ముచ్చటగా ఉంటుందని నేనే వేస్తుంటాను. మొన్న మూరెడు దారం మింగింది. రెండు రోజుల తరువాత మలంలో పోయింది. ఫరవాలేదా? (పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ఈసారి మీ అదృష్టం బాగుంది. దయచేసి ఇక మీదట దారం వేయకండి. పిల్లి నాలుక మీద ముళ్ల వంటి గరుకు బొడిపెలు గొంతు వైపు వంగి ఉంటాయి, అందువల్ల నోట్లోకి పోయిన దారాన్ని ఉమ్మివేయడం దానికి చేతకాదు, మింగుతూ పోవడమే. దారం ఒక కొస నాలుక మొదట్లోనో జీర్ణాశయంలోనో చిక్కుకుని, మిగిలిన భాగం పేగులోకి దిగితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు: లంగా నాడాను లాగితే గుడ్డ కుచ్చులు పడినట్లు పేగు మొత్తం కుచ్చులు పడుతుంది. ఆ తరువాత దారం పేగును కోస్తుంది. దారం చివర సూది ఉంటే చెప్పనే అక్కరలేదు.

వాంతులు, తిండి మానేయడం, ముడుచుకుని మూలన కూర్చోవడం కనిపిస్తే ఆ రోజే వైద్యుడికి చూపించాలి. నోటి నుంచి గానీ వెనుక నుంచి గానీ దారం వేలాడుతుంటే ఎంత మాత్రం లాగకూడదు. లాగితే లోపల పేగు తెగుతుంది. అలాగే వదిలి ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

కుట్టు పని ఇంట్లోనే కాదు, మన ఇళ్లన్నిటా ఈ ప్రమాదం ఉంది. వాడిపోయిన మల్లెపూల దండలోని దారం, రబ్బరు బ్యాండ్లు, జడకు పెట్టుకునే బ్యాండ్లు, రాఖీలు, జరీ పోగులు, సంక్రాంతి తరువాత డాబాల మీద మిగిలే మాంజా, అన్నీ పిల్లికి పురుగులూ పాములే. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించినా పండగ నాటికి ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంది. బట్టల్లో వేసే కలరా ఉండలు కూడా చక్కగా దొర్లుతాయి కాబట్టి పిల్లులు వాటితో ఆడబోతాయి. అవి వాటికి విషం.

మీ కూనకు దారం బదులు ఖాళీ రీలును ఇవ్వండి, అది మింగలేనంత పెద్దదైతే. మందపాటి గుడ్డ ముక్కలను జడలా అల్లి, రెండు కొసలూ ముడి వేసి, పొడవు పోగులు లేకుండా కత్తిరించి ఇవ్వవచ్చు. మీ చేతిలో పని ఉంది కాబట్టి పత్తి కూరి అరచేతి పొడవున ఒక గుడ్డ చేప కుట్టండి. గుండీలు, పూసలు కుట్టకండి. వెనుక కాళ్లతో తన్నుకోవడానికి అంతకు మించిన బొమ్మ దుకాణంలో దొరకదు. మిషన్ ఉన్న గదికి తలుపు ఉంటే పని అయ్యాక వేయడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల బాబు మూడు నెలల పిల్లికూనను వేళ్లతో కవ్విస్తాడు. అది చేతులంతా గీరుతుంది, కరుస్తుంది. పెద్దయితే మానేస్తుందా? (పాఠకుడు, కర్నూలు)

జవాబు: మానదు, పళ్లు మాత్రం పెద్దవవుతాయి. కూనలు తోబుట్టువులతో పొర్లాడుతూ ఎంత గట్టిగా కొరికితే ఎదుటిది ఏడ్చి ఆట మానేస్తుందో నేర్చుకుంటాయి. తల్లి నుంచి తొందరగా విడిపోయిన ఒంటరి కూనకు ఆ పాఠం మీరే చెప్పాలి. చెయ్యి నిమరడానికీ, తిండి పెట్టడానికే. పట్టడానికి, కరవడానికి బొమ్మ. ఇంట్లో అందరూ ఇదే పాటించాలి. కరిచినప్పుడు చేతిని విదిలించకండి, అది పారిపోయే ఎలుకలా కదిలి ఇంకా గట్టిగా పట్టిస్తుంది. చేతిని కదలకుండా ఉంచి, పట్టు సడలగానే ఆట ఆపి లేచి వెళ్లిపోండి, రెండు నిమిషాల తరువాత మొదటి జవాబులో చెప్పిన గాలం కర్రతో మళ్లీ మొదలుపెట్టండి. బాబుకు గాలం కర్ర పట్టుకునే బాధ్యత అప్పగించండి, వాడికీ గర్వంగా ఉంటుంది.

పళ్లు గానీ గోళ్లు గానీ దిగి రక్తం వస్తే గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టరుకు చూపించండి. మన దేశంలో రేబీస్ పిల్లుల నుంచి కూడా సోకుతుంది. కూనకు మూడు నెలలు నిండాయి కాబట్టి రేబీస్ టీకా ఈ వారమే వేయించండి.

ప్రశ్న: మా పిల్లికి పదమూడేళ్లు. ఒకప్పుడు అటక మీదికి కూడా దూకేది. ఇప్పుడు ఎండలో పడుకోవడం తప్ప ఏమీ చేయదు. ముసలిదయింది, ప్రశాంతంగా ఉండనివ్వండి అని అందరూ అంటున్నారు. ఆడించాలా, వద్దా? (పాఠకురాలు, వరంగల్)

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. ఆడటం మానేసిన ముసలి పిల్లిని చూసి అందరూ వయసు అనుకుంటారు. ఎక్కువసార్లు అది నొప్పి. 2002లో ప్రచురితమైన ఒక పరిశీలనలో పన్నెండేళ్లు దాటిన నూరు పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లులలో కీళ్ల అరుగుదల కనిపించింది. పిల్లి కుంటదు, మూలగదు. దూకే ముందు తటపటాయిస్తుంది, మెట్టు మెట్టుగా దిగుతుంది, నడుము దాకా నాలుక అందక అక్కడ బొచ్చు ఉండలు కడుతుంది, గోళ్లు పెరిగి వంకర తిరుగుతాయి. ఈ గుర్తులు ఉన్నాయేమో చూసి, ముందు వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి. మూత్రపిండాలు, థైరాయిడ్, రక్తపోటు, పళ్లు కూడా చూపించాలి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర ఏదీ వేయకండి. మనం వేసుకునే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి.

నొప్పికి మందు అందిన తరువాత ఆడించాలి, తప్పకుండా ఆడించాలి. కదలని కీలు ఇంకా బిగుసుకుపోతుంది, పని లేని మెదడు త్వరగా మందగిస్తుంది. అయితే దూకించే ఆట వద్దు. దాని పక్కనే నేల మీద చాప పరిచి, నున్నని గచ్చు మీద కాళ్లు జారకుండా చూసి, ఈకను పడుకున్న చోటికి అడుగు దూరంలో నెమ్మదిగా ఈడ్చండి. ఒక్కసారి పంజా వేసినా అది ఆటే. రెండు మూడు నిమిషాలు చాలు, రోజుకు మూడుసార్లు. చూపు తగ్గి ఉంటే గరగరలాడే కాగితం వాడండి, చెవి తగ్గి ఉంటే వాసన వాడండి: పెరటిలోంచి తెచ్చిన ఎండుటాకులు, గడ్డి పరక, రోజుకొక కొత్త వాసన ఒక పళ్లెంలో దాని ముందు పెట్టండి. ముక్కుతో దానిని చదువుకుంటూ అయిదు నిమిషాలు గడుపుతుంది.

ఎండ పడే కిటికీకి ఎక్కడానికి ఒక పీట, దాని పక్కన కొంచెం ఎత్తైన మరో పీట వేసి, రెండింటికీ గోనె గుడ్డ బిగించండి. అటక దాకా ఇక వెళ్లలేకపోవచ్చు. ఆ కిటికీ దాకా తన కాళ్లతో తాను వెళ్లగలిగితే, అక్కడి నుంచి చూడటానికి దానికి వీధంతా ఉంటుంది.